ఉప్పుగాలికి లొంగని కారు

సూర్యలంక పిల్లలకు తుప్పు సంగతి చెప్పనక్కరలేదు. ఉప్పుగాలి తగిలిన సైకిలు చువ్వలు చూస్తుండగానే ఎర్రబారతాయి. మరి కారు కూడా ఇనుప రేకేగా! దాన్నెలా కాపాడతారు?

మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉంది. ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యంతో 2019లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. ఇలాంటి కర్మాగారం చూడబోతే రేకులను అచ్చువేసే ప్రెస్సులు, వెల్డింగ్ చేసే రోబోలు, భాగాలు బిగించే వరుస చూపిస్తారు. రంగుల విభాగంలోకి మాత్రం సాధారణంగా రానివ్వరు. మన బట్టల మీది ధూళి చాలు, రంగు చెడటానికి! అసలు కిటుకు అక్కడే ఉంది.

కుంచె, పిచికారీ చేరలేని సందులు కారులో ఎన్నో. అందుకే శుభ్రం చేసిన బాడీని రంగు కలిపిన నీటితొట్టిలో ముంచి, విద్యుత్తు ఋణధ్రువానికి కలుపుతారు. రంగు కణాలకు ధనావేశం ఉంటుంది. ఇక చెప్పాలా? అవి వచ్చి రేకుకు అంటుకుంటాయి. పూత పట్టినచోట విద్యుత్తు అంతగా ప్రవహించదు. పట్టని మూలలకు మళ్లుతుంది. అందుచేత పూత లోపలి సందులకు కూడా చేరుతుంది. తరువాత కడిగి, సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వేడిలో గట్టిపరుస్తారు. పై రంగులు ఆ తరువాతే.

పూత గీసుకుపోతే రేకుకు తేమ, ఆక్సిజన్ తగులుతాయి. ఉప్పు తోడైతే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. మీ సైకిలుకు గీత పడిందా? ఈరోజే తుడిచి, కాస్త రంగు పూయండి!