మూర్ఛ - మందు - ఉపవాసం

మూర్ఛతో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి దుఆ కోరిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. దానిని ఎరిగిన మనమే మూర్ఛను 'ఆసేబ్' అని తావీజుల వెంట తిరగడం విచారకరం.

మెదడులోని నాడీకణాలు సూక్ష్మమైన విద్యుత్తుతో సంకేతాలు పంపుకుంటాయి. రెచ్చగొట్టే సంకేతాలకు, అణచే సంకేతాలకు తూకం తప్పి, అనేక కణాలు ఒక్కసారిగా విజృంభిస్తే అదే మూర్ఛ. తలగాయం, పక్షవాతం వంటివి కారణాలు. మన దేశంలో మరొకటి పంది బద్దెపురుగు. పందిమాంసం ముట్టనివారికీ ఇది తప్పదు! పురుగు గుడ్లు కడగని కూరల ద్వారా, మురికి చేతుల ద్వారా కడుపులో చేరితే, పిల్లపురుగు మెదడులో తిత్తి కడుతుంది.

1938లో వాడుకలోకి వచ్చిన ఫెనిటాయిన్ కణాల సోడియం ద్వారాలు అతివేగంగా మళ్లీ మళ్లీ తెరుచుకోకుండా ఆపుతుంది. 1912 నాటి ఫినోబార్బిటాల్ 'గాబా' అనే అణచే రసాయనానికి బలమిస్తుంది. ఇవి మూర్ఛను ఆపుతాయే గాని మూలకారణాన్ని తొలగించవు. కనుక హఠాత్తుగా మానితే ప్రాణాంతకమైన ఎడతెగని మూర్ఛ రావచ్చు.

మందుల కర్మాగారాలున్న బొల్లారంలో రాత్రి షిఫ్టు చేసే రోగికి రమజాను మరింత కష్టం. నిద్రలేమి కూడా మూర్ఛను రేపుతుంది. మాత్రలను సహ్రీ, ఇఫ్తార్ వేళలకు మార్చవచ్చునో లేదో డాక్టరును షాబానులోనే అడగాలి. వీలుకాదంటే, రోగికి దివ్య ఖుర్ఆన్ (2:184) ఇచ్చిన మినహాయింపు ఉండనే ఉన్నది.