ఆశ్రమ పాఠశాలలు - బాలికల మనస్స్వాస్థ్యము

గిరిజన బాలికలకు విద్య నొసగుట యనగా పుస్తకములును, వసతియు, భోజనమును సమకూర్చుటయే యని మనము చిరకాలముగా భావించుచున్నాము. మన్యసీమలలోని ఆశ్రమ పాఠశాలలు ఆ పనిని కొంతవరకు నెరవేర్చినవి. ఆ మేలును మేము కాదనము. కాని తల్లిని విడిచి వచ్చిన బిడ్డ మనస్సునకు మన మేమి సమకూర్చితిమి?

ఆ బాలిక కొండపల్లెను వీడి నెలల తరబడి వసతిగృహమున నుండును. ఇంట పలుకునది గోండీ, కోలామీ, కువి, సవర భాషలలో నొకటి. బడిలో వినునది తెలుగో, ఇంగ్లీషో. బదులు చెప్పలేనిచో మందమతి యందురు. ఆమె మాటతీరును తోడివారు పరిహసింతురు. ఈడేరిననాడు సందేహము నడుగుటకు తల్లి చెంత నుండదు. నిద్రలేమి, అన్నహితవు లేకుండుట, కారణము తెలియని తలనొప్పి, మౌనము - దుఃఖము తరచుగా నిట్టి రూపములనే బయలుపడును. మనము దానిని మొండితనమని కొట్టివేయుదుము. తుదకు బిడ్డ బడి మానినచో, అడవివారికి చదువు అబ్బదని తీర్పు చెప్పుదుము!

ఉపాధ్యాయులే యోదార్పరాదా యని కొందరడుగవచ్చును. బిహారు రాష్ట్రమున నలందా జిల్లా ప్రభుత్వోన్నత పాఠశాలలలో జరిగిన పరిశోధన దీనికి బదులు చెప్పుచున్నది. దాని ఫలితములను 2018లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రకటించినది. ఒకే కార్యక్రమమును కొన్ని బడులలో ఉపాధ్యాయులును, కొన్నింట తరిఫీదు పొందిన సామాన్య సలహాదారులును నడిపిరి. సలహాదారులున్న చోట విద్యార్థుల దిగులును, తోడివారి వేధింపులును తగ్గినవి; ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పదగిన ఫలము కానరాలేదు. అవి మన్యపు బడులు కాకున్నను, మాకు తోచిన నీతి యిది: మార్కులు వేయు చేతికి, దండించు చేతికి బిడ్డ తన గుట్టు నప్పగింపదు.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్టణమున నొక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున, నూరుగురు, అంతకు మించిన విద్యార్థులుగల విద్యాసంస్థలు ఒక అర్హతగల సలహాదారునైనను నియమింపవలయునని యాదేశించినది. పట్టణములకు వలెనే పాడేరునకును, ఉట్నూరునకును ఈ యాజ్ఞ వర్తింపవలయును. అయితే బిడ్డ భాష తెలియని సలహాదారు వలన ప్రయోజనమేమి? 1943లో హైమన్‌డార్ఫ్ పండితుని పూనికతో ఆదిలాబాదు అడవులలోని మార్లవాయియందు గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చి గోండీలోనే చదువు చెప్పించిరి. నాడు అక్షరమునకు సాధ్యమైనది నేడు ఓదార్పునకు అసాధ్యమగునా?

కావున బాలికల ఆశ్రమ పాఠశాల కొక్కింటికి, ఆ తెగలోనే పుట్టి చదువుకొన్న స్త్రీ నొకర్తును తరిఫీదిచ్చి, తగిన జీతముతో నియమింపవలయును. ఆమెకు దండించు అధికార ముండరాదు. వ్యాధి ముదిరినచో వైద్యునొద్దకు చేర్చు మార్గము ముందే యేర్పడి యుండవలయును. 2022లో వెలసిన టెలీ మానస్ 14416 సంఖ్యతో బిడ్డలు మాటలాడుటకు బడిలో ఏకాంత స్థలమును, టెలిఫోనును ఉండవలయును. తల్లితో వారము వారము మాటలాడనీయవలయును.

పాఠకులలో శాసనసభ్యులతో, అధికారులతో పరిచయము గలవారు పలువురు గలరు. మన జిల్లాలోని ఆశ్రమ పాఠశాలలలో ఎన్నింట ఇట్టి స్త్రీ యున్నదని వారిని అడుగుడు. సమాధానము వచ్చువరకు అడుగుచునే యుండుడు.