సాలూరు ఘాట్‌లో జి-13

సాలూరు దాటి పాచిపెంట మీదుగా కొరాపుట్ వెళ్లే దారిలో పి.కోనవలస ఘాట్ తగులుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఎత్తు ఎక్కాలంటే లారీ అయినా కారైనా గేరు తగ్గించక తప్పదు. ఏదో ఒక మలుపు దగ్గర పాత స్విఫ్టో, ఎస్టీమో బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంటుంది. డ్రైవరు రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి, తిప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటాడు. ఆ బానెట్ కింద ఉన్న ఇంజన్ వంశంలో ఓ పందెం గుర్రం ఉందని అప్పుడు చెబితే వినే ఓపిక అతనికి ఉండదు.

సుజుకీ వాళ్లు ఆ వంశానికి పెట్టిన పేరు జి. 1983లో జపాన్‌లో కల్టస్ అనే చిన్న కారుతో అది రోడ్డెక్కింది. మూడేళ్లకు, 1986లో, అదే కారుకు జీటీఐ అనే రకం వచ్చింది. చిన్న ఒళ్లు, పెద్ద దమ్ము ఉన్న ఇలాంటి కార్లనే పడమటి దేశాల్లో హాట్ హ్యాచ్‌బ్యాక్ అన్నారు. జీటీఐలో పెట్టిన ఇంజన్ జి-13బి. సామర్థ్యం 1298 సీసీ. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, తల మీద రెండు కామ్ షాఫ్టులు. బరువు తగ్గించడానికి ఆ కామ్ షాఫ్టుల లోపల బోలుగా వదిలేశారు. నిమిషానికి ఆరున్నర వేల చుట్ల దగ్గర ఇంచుమించు వంద గుర్రాల శక్తి ఇచ్చేది. టర్బో వంటి సాయం ఏదీ లేకుండా లీటరుకు 77 గుర్రాలు లాగడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఆరున్నర వేల చుట్లంటే ఎంత వేగమో లెక్క కడితే తెలుస్తుంది. ఈ ఇంజన్లో సిలిండర్ వ్యాసం, మెకానిక్కుల భాషలో బోరు, 74 మిల్లీమీటర్లు. పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం, అంటే స్ట్రోకు, 75.5 మిల్లీమీటర్లు. ఆరున్నర వేల చుట్ల దగ్గర ఒక్కో పిస్టన్ నిమిషానికి 13 వేల సార్లు ఆ దూరం పరిగెత్తాలి. సగటున సెకనుకు 16 మీటర్ల పైచిలుకు. పైగా ప్రతి పరుగు చివరా పూర్తిగా ఆగి, వెనక్కి తిరగాలి.

జీటీఐ మన దేశంలో అమ్మకానికి రాలేదు. చుట్టాలు మాత్రం వరసగా దిగారు. 1993లో మారుతి జెన్ వచ్చింది, 993 సీసీ ఇంజన్‌తో. దాని బోరు 72, స్ట్రోకు 61 మిల్లీమీటర్లు. పొట్టి స్ట్రోకు కాబట్టి రేజ్ చేస్తే ఉత్సాహంగా చుట్లు ఎక్కేది. మారుతి 800 ఇంజన్‌ది వేరే కుటుంబం. అందులో బోరు 68.5, స్ట్రోకు 72. ఆ బండి అడుగు నుంచే నింపాదిగా లాగితే, జెన్ చుట్లు ఎక్కాక గాని కదం తొక్కేది కాదు. రెండూ నడిపినవాళ్లు ‘పికప్’ అనే ఒకే మాటతో చెప్పే తేడా అసలు ఈ కొలతల్లోనే ఉంది.

1994లో ఎస్టీమ్, 1996లో జిప్సీ కింగ్, ఆ తర్వాత వెర్సా, 2005 మేలో స్విఫ్ట్. వీటన్నిటిలోనూ ఉన్నది 1298 సీసీ జి-13. ఒకే కామ్ షాఫ్ట్ ఉన్న సాధువు రూపంలో. కార్బురేటర్ రోజుల్లో జిప్సీలో 60 గుర్రాల శక్తే ఉండేది. పదహారు వాల్వులు, కార్బురేటర్ బదులు పెట్రోలు ఇంజెక్షన్ (ఎంపీఎఫ్ఐ) వచ్చాక 80కి ఎదిగింది. స్విఫ్ట్‌లో 87. మన దేశంలో హాట్ హ్యాచ్‌కు దగ్గరగా వచ్చింది ఆ తొలి స్విఫ్టే అంటే తప్పులేదు.

దానికి గండి కొట్టింది పన్ను. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్లకు అప్పట్లో ఎక్సైజు సుంకం తక్కువగా ఉండేది. స్విఫ్ట్ పొడవులో నెగ్గింది గాని సీసీలో 98 ఎక్కువైంది. 2010లో దానికి 1197 సీసీ కొత్త కె ఇంజన్ పెట్టారు. చిత్రమేమంటే అదే ఏడాది జనవరిలో వచ్చిన ఈకోలో పాత జి వంశమే కొనసాగింది. స్ట్రోకు 75.5ను అలాగే ఉంచి, బోరును 74 నుంచి 71కి తగ్గించారు. మూడంటే మూడు మిల్లీమీటర్లు. సామర్థ్యం 1196 సీసీకి దిగింది. ఆ సంఖ్య చూస్తే కొలబద్ద పట్టింది ఇంజనీరే అయినా గీత గీసింది ఆదాయ శాఖేమో అనిపిస్తుంది. జిప్సీ తయారీ 2019లో ఆగింది. ఈకోలో ఈ ఇంజన్ 2022 దాకా నడిచింది. అంటే పందెం కోసం పదునుపెట్టిన వంశం చివరి పన్నెండేళ్లూ బడిపిల్లలను, పెళ్లివారిని, కూరగాయల బుట్టలను మోసింది.

సాలూరు లారీల ఊరు. అక్కడి షెడ్లలో చెయ్యి తిరిగినవాళ్ల అనుభవమంతా బరువైన పోత ఇనుము ఇంజన్ల మీద. జి-13కి బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే. సిలిండర్ల లోపలి గోడ మాత్రం ఇనుప లైనరు. లారీ బోల్టు బిగించిన ఊపులో దీని స్పార్క్ ప్లగ్ బిగిస్తే హెడ్డులోని మర చిటికెలో అరిగిపోతుంది. హెడ్ బోల్టులకూ అంతే. మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు వెళ్తూ, విడతలు విడతలుగా, టార్క్ రెంచి చూపిన లెక్కకే బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

అల్యూమినియం ఈ ఇంజన్‌కు బలం, బలహీనత కూడా. బరువు తక్కువ, వేడిని త్వరగా వదులుతుంది. కానీ వేడికి ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది. అడుగు పొడవున్న అల్యూమినియం ముక్క 80 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు పైన పెరుగుతుంది. అదే పోత ఇనుము అయితే అందులో సగమే. సిలిండర్ హెడ్డు అడుగు భాగం వంకర 0.05 మిల్లీమీటరు దాటకూడదు. ఒక్కసారి గట్టిగా హీటెక్కితే చాలు, ఆ హద్దు చెరిగిపోతుంది. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉన్న గాస్కెట్ పట్టు తప్పుతుంది. నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. డిప్ స్టిక్ లాగితే దాని కొనకు పలాస జీడిపప్పు రుబ్బి పూసినట్టు తెల్లటి చిక్కటి ముద్ద అంటుకొస్తుంది. ఆయిల్ మూత కింద మాత్రమే కాస్త తెల్లటి నురగ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. రోజూ బజారు దాకా వెళ్లి వచ్చే బండిలో, తేమ ఆవిరై పోయేంత వేడి ఇంజన్‌కు ఎక్కక, అక్కడ నురగ కడుతుంది.

హీటెక్కడానికి మూలం చాలాసార్లు నీళ్లే. కూలెంట్ పోయవలసిన చోట బోరు నీళ్లు పోస్తారు. అందులోని లవణాలు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పెచ్చుగా పేరుకుంటాయి, అల్యూమినియాన్ని కొరుకుతాయి. షెడ్డులో మెకానిక్కు వేలితో ఆ తుప్పు రంగు బురద గీకి చూపిస్తూ, “ఏటి బాబూ, బోరు నీళ్లే పోసీసినారేటి?” అని అడిగితే యజమాని దగ్గర జవాబుండదు. రేడియేటర్ మూతనూ ఎవరూ పట్టించుకోరు. దాని స్ప్రింగు లోపలి పీడనాన్ని నిలబెడితేనే నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగకుండా, ఇంచుమించు 120 దాకా ఓర్చుకుంటాయి. స్ప్రింగు సడలితే చదునైన హైవే మీద ఏమీ తెలియదు. ఘాట్లో బండి నెమ్మదించి, ఎదురుగాలి తగ్గి, భారమంతా కరెంటు ఫ్యాను మీద పడ్డప్పుడు తెలుస్తుంది. ఆ ఫ్యాను స్విచ్చు కూడా పాడై ఉంటే సరేసరి.

ఈ హీటెక్కే జబ్బుకు కొన్ని షెడ్లలో కనిపెట్టిన మందు, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని థర్మోస్టాట్‌ను పీకేయడం. రోగం కంటే మందు చేటు. థర్మోస్టాట్ లేని ఇంజన్ సరైన వేడికి రావడానికే చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. పూడిన రేడియేటర్ మాత్రం పూడినట్టే ఉంటుంది.

మిగతా జబ్బులు పెద్దవి కావు. టైమింగ్ బెల్టు రబ్బరుది. లక్ష కిలోమీటర్లకు అటూ ఇటూగా మార్చుకోవాలి. మార్చకపోతే చెప్పాపెట్టకుండా తెగుతుంది. ఒకే కామ్ రకంలో టాపెట్లు మర బిగించి సరిచేసుకునేవి. టిక్‌టిక్ మంటే ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేస్తే మానుతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే నీలం పొగ వచ్చి, కాసేపటికి తగ్గిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. బోరుకొచ్చిందని ఇంజన్ మొత్తం విప్పనక్కర్లేదు. ఎంపీఎఫ్ఐ బండి ఐడ్లింగులో ఊగిసలాడుతుంటే ముందు త్రాటిల్ బాడీలో మసి తుడిపించి చూడాలి. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత రకాల్లో వానాకాలం తేమకు మిస్సింగ్ మామూలే.

తీర జిల్లాలకు మరో గండం తుపాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఇక్కడివాళ్లు మరిచిపోయేవి కావు. నీట మునిగిన బండికి ఆత్రంగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి లేచేటప్పుడు సిలిండర్లోని నీటిని నొక్కుతుంది. గాలి అణిగినట్టు నీరు అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ముందు బ్యాటరీ తీగ విప్పి, ప్లగ్గులు ఊడదీసి, నీళ్లు బయటికి పంపాక తక్కిన పని.

పి.కోనవలస మలుపులో నిలబడ్డ ఆ డ్రైవరుకు చెప్పవలసింది ఇంతే: ఇంజన్ ఆపి, అరగంటైనా చెట్టు నీడన కూర్చోవాలి. మూత వేడిగా ఉన్నంతసేపు తడిగుడ్డ వేసి కూడా తిప్పకూడదు, లోపలి నీళ్లు ఎగజిమ్మి ముఖం కాలుతుంది. రేడియేటర్ పైప్ చేతికి చల్లగా తగిలాక మూత తెరిచి, మంచినీళ్లు నెమ్మదిగా పోసి, దిగువకు సాలూరుకే తిరిగి రావాలి.