గెలిచినా నిలవని జట్టు



మన పాల్వంచ, బూర్గంపాడు దారుల్లో చెట్ల మధ్యనుంచి ఆడపిల్లలు సైకిళ్ళమీద బడికి పోవడం మీకు కొత్త కాదు. అయితే సైకిలు తొక్కడమే ఉద్యోగంగా పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి వాళ్ళ జట్టు కథ ఒకటి ఈవేళ చెప్పుకుందాం.

కెనడాలో పుట్టిన సైకిళ్ళ కంపెనీ సర్వెలో. 2009లో అది తన పేరుతోనే మగవాళ్ళకొక జట్టు, ఆడవాళ్ళకొక జట్టు పెట్టింది. మొదటి ఏడే జర్మనీ అమ్మాయి క్లాడియా హోయిస్లర్ ఇటలీ దేశమంతా తిరిగే ఆడవాళ్ళ పెద్ద పందెం గెలిచింది. మరుసటేడు ఇంగ్లండు అమ్మాయి ఎమ్మా పూలీ, ఒంటరిగా గడియారంతో పోటీపడి తొక్కే పందెంలో ప్రపంచ విజేత అయింది. ఒకపక్క ఇంజనీరింగు పరిశోధన చేసుకుంటూనే సుమా!

ఈ పందెంలో కిటుకు ఒకటుంది. ముందు తొక్కేవారు గాలిని చీల్చుకుంటూ పోతే, వెనకవారికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకని జట్టులోని వాళ్ళు వంతులవారీగా ముందుండి, తమ నాయకురాలి బలాన్ని చివరిదాకా కాపాడతారు. చెమట అందరిదీ, పేరు ఒకరిది. ఇంట్లో పెళ్ళి చేసినవారికి ఈ సంగతి వేరే చెప్పాలా?

మరి ఇంత గెలిచిన జట్టు ఏమయింది? 2010 ఆఖరుకి మూతపడింది. 2011లో గార్మిన్-సర్వెలో పేరుతో మళ్ళీ నిలబడింది. అదీ ఏడాదితోనే సరి. అందులో కొందరు 2012లో ఏఏ డ్రింక్ అనే డచ్చి జట్టులో చేరారు. వారిలో లిజీ ఆర్మిస్టెడ్ ఆ ఏడు లండన్ ఒలింపిక్స్‌లో 140 కిలోమీటర్ల పందెంలో వెండి పతకం తెచ్చుకుంది. ఖమ్మంలో బయలుదేరి గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరినా ఇంకా మిగిలే దూరమది! సంవత్సరం తిరిగేసరికి ఆ జట్టూ లేదు.

కారణం ఏమిటంటారా? సినిమాకి టిక్కెట్టుంది, క్రికెట్టుకి గేటుంది. రోడ్డుమీద పందేనికి గేటెక్కడిది? జనం దారిపక్కన నిలబడి ఊరికే చూస్తారు. కాబట్టి జట్టు ఖర్చంతా పేరు తగిలించిన కంపెనీలే భరించాలి. ఆ పేరు టీవీలో కనబడితేనే వాటికి లాభం. ఆడవాళ్ళ పందేలను టీవీలో చూపించడమే అప్పట్లో అరుదు. ఖర్చు తగ్గించుకోవాలంటే మొదటి కోత వీళ్ళకే పడేది. పైగా మగవాళ్ళ పెద్ద జట్లకు కనీస జీతం నియమం అప్పటికే ఉన్నా, ఆడవాళ్ళకు లేదు.

అది 2020లో వచ్చింది. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం మొదటి శ్రేణి మహిళా జట్లకు ఏడాదికి కనీసం 15,000 యూరోలు ఇవ్వాలంది. ప్రసూతి సెలవు కూడా చేర్చింది. 2022కి ఆ జీతం 27,500 అయింది. ఆ ఏడే ఫ్రాన్సు దేశపు పెద్ద పందెం ఆడవాళ్ళకు మళ్ళీ మొదలైంది.

రేపు మీ అమ్మాయి ఆటనే బతుకుతెరువు చేసుకుంటానంటే, ఆడపిల్లకెందుకని కొట్టిపారేయకండి. పతకాల మాట తరవాత. జీతమెంత, దెబ్బతగిలితే వైద్యం ఎవరిది, జట్టు మూస్తే దారేమిటి - ఇవి కాగితం మీద రాయించుకోమనండి. గెలుపొక్కటే కడుపు నింపదు గదా!