సత్తు గిన్నెలో ఏముంది?

ఎమ్మిగనూరు జాతరకు పోతాం. ఆదోని అంగళ్ళకు పోతాం. గుంత పొంగణాల పెనం కొందామని చూస్తాం. రెండు పెనాలు ఒకే తీరుగా కనపడతాయి. ఒకదాని ధర తక్కువ. ఒకదాని ధర ఎక్కువ.

"రెండూ సత్తే గదా! తక్కువది తీసుకుందాం" అనుకుంటాం.

ఆగండి అక్కా! రెండూ సత్తే. కాని ఆ సత్తులో ఏం కలిసిందో మనకు తెలుసా?

సత్తు అంటే ఏమిటి?

కొందరు సత్తు అంటారు. కొందరు సిల్వర్ అంటారు. సిల్వర్ అంటే వెండి. ఇది వెండి కాదు. దీని అసలు పేరు అల్యూమినియం. బాక్సైట్ అనే రాయి నుంచి దీన్ని తీస్తారు.

వెనకటికి మన ఇళ్ళలో మట్టికుండలు, ఇత్తడి, రాగి గిన్నెలు ఉండేవి. 1898లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు సత్తు గిన్నెల తయారీ మొదలుపెట్టించాడు. అప్పుడు మన ఆదోని కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది.

సత్తు చాలా తేలిక. ఇనుము దీనికి దాదాపు మూడింతల బరువు ఉంటుంది. సత్తు తొందరగా వేడెక్కుతుంది. తుప్పు పట్టదు. ఇత్తడి గిన్నె లాగా కళాయి పూయించే పని లేదు. అందుకే ఇంటింటికీ వచ్చింది.

రేకు గిన్నె, పోత గిన్నె

సత్తు గిన్నెలు రెండు రకాలు. ఒకటి రేకు గిన్నె. పలుచని రేకును యంత్రంతో అదిమి దీన్ని చేస్తారు. రెండోది పోత గిన్నె. సత్తును కరిగించి అచ్చులో పోసి దీన్ని చేస్తారు. పొంగణాల పెనం, మందపాటి బాణలి ఎక్కువగా పోతవే.

కింద పడితే రేకు గిన్నె సొట్ట పోతుంది. పోత గిన్నె పగలవచ్చు. ఎందుకని? పోతలో వేరే పదార్థాలు ఎక్కువగా కలుస్తాయి.

ఏం కలుపుతారు?

ఉత్త మట్టితో గోడ పెడితే నెర్రెలు ఇస్తుంది. గడ్డి కలిపితే నిలబడుతుంది. సత్తు కూడా అంతే. ఉత్త సత్తు మెత్తన. అందుకే వేరేవి కలుపుతారు. అట్లా కలిపిన దాన్ని మిశ్రమ లోహం అంటారు.

ఇసుక నుంచి తీసే సిలికాన్‌ను ఎక్కువగా కలుపుతారు. వంద కిలోల పోత సత్తులో మామూలుగా 5 నుంచి 12 కిలోల దాకా ఉంటుంది. ఉత్త సత్తు 660 డిగ్రీల వేడికి కరుగుతుంది. సిలికాన్ 12 కిలోలు కలిస్తే 577 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్ళలా పారి అచ్చులోని ప్రతి గుంతలోకీ పోతుంది.

మెగ్నీషియం కొంచెం కలిపితే గట్టితనం వస్తుంది. రాగి కలిపితే బలం వస్తుంది. కాని రాగి ఎక్కువైతే ఉప్పు, పులుపు ఆ గిన్నెను తొందరగా తినేస్తాయి.

అసలు భయం ఎక్కడ?

కొన్ని చోట్ల పాత మోటారు ముక్కలు, టంకం పెట్టిన పాత సామాను అన్నీ కలిపి కరిగిస్తారు. వాటితో పాటు సీసం కూడా కలవవచ్చు. సీసం విషం. అది కంటికి కనపడదు. వాసన రాదు. రుచి తెలియదు. తోమితే పోదు. వండినప్పుడు కొంచెం కొంచెంగా కూరలోకి దిగుతుంది.

సీసం పిల్లల మెదడును దెబ్బ తీస్తుంది. చదువు తలకెక్కదు. రక్తం తగ్గుతుంది. కడుపుతో ఉన్న తల్లి నుంచి బిడ్డకూ చేరుతుంది. ఇంత సీసం తిన్నా ఏమీ కాదు అనే లెక్క లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

హిండాలియం, ఇండాలియం అనే పేర్లు మనం వింటాం. అవి కూడా సత్తు మిశ్రమాలే. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ ఆహార, మందుల శాఖ ఒక హెచ్చరిక చేసింది. బయటి దేశాల నుంచి వచ్చిన ఇట్లాంటి కొన్ని గిన్నెల నుంచి సీసం దిగుతోందని చెప్పింది. అన్ని గిన్నెలూ చెడ్డవని కాదు. ఏం కరిగించి పోశారన్నదే ముఖ్యం.

మనం ఏం చేయాలి?

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు వెతకాలి. సత్తు పాత్రలకు ఈ గుర్తు ఉండాలని 2024లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. ఇప్పుడు మనకు చదువు వచ్చు. గిన్నె అడుగున ఏం రాసి ఉందో మనమే చదవాలి. పేరు, గుర్తు ఏమీ లేని పోత గిన్నె వంటకు వద్దు.

చింతపండు పులుసు, పుండికూర, టమాటా సత్తు గిన్నెలో వండవద్దు. మట్టికుండలో గాని, స్టీలు గిన్నెలో గాని వండాలి. మజ్జిగ, ఊరగాయ సత్తులో నిలవ పెట్టవద్దు.

నీళ్ళు కాగిన గిన్నె లోపల నల్లబడితే భయపడవద్దు. నీళ్ళలోని ఉప్పుల వల్ల అట్లా అవుతుంది. అది తెల్లగా అయ్యేదాకా ఇసుకతో రుద్దవద్దు. సత్తు మీద సన్నని పొర ఉంటుంది. అదే గిన్నెకు కాపలా. రుద్దితే ఆ కాపలా పోతుంది.

గుంతలు పడిన పాత గిన్నెను వంటకు వాడవద్దు.

చదివి మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో పోత గిన్నెలు ఏవి? రేకు గిన్నెలు ఏవి?
2. వాటి అడుగున ఏం రాసి ఉంది? చదివి రాయండి.
3. మీరు పులుసు ఏ గిన్నెలో కాస్తున్నారు?