ఒక గుడ్డముక్క – నలభై ఏళ్ళ తపస్సు

పాత విద్య ఏదైనా అంతరించిందంటే "అయ్యో పాపం" అనుకుని ఊరుకుంటాం. మ్యూజియంలో అద్దాల వెనుక దాన్ని ఓ నిమిషం చూసి వచ్చేస్తాం. నేనూ అంతే. కాని జపాన్ కళాకారుడు ఇచ్చికు కుబోటా సంగతి చదివాక నాకు కాస్త సిగ్గేసింది.

ఆయన 1917లో టోక్యోలో పుట్టాడు. చిన్నతనంలోనే బట్టలకు రంగులద్దే పనిలో చేరాడు. ఇరవయ్యో ఏట, అంటే మనం డిగ్రీ పరీక్షలతో కుస్తీపట్టే వయసులో, ఒక మ్యూజియంలో చిన్న పట్టుగుడ్డ ముక్క చూశాడు. అది 'త్సుజిగహానా' అద్దకం.

ఏమిటీ అద్దకం? గుడ్డమీద పువ్వు అంచు వెంబడి కుట్లు వేసి, దారం లాగి బిగించి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పితే పువ్వు తేలుతుంది. దానిపై సిరాతో సన్నని గీతలు దిద్దుతారు. మన పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగువేస్తారు. అక్కడ నేసిన గుడ్డకే కడతారు. 16వ శతాబ్దంలో వెలిగిన ఆ విద్య 17వ శతాబ్దంలో కనుమరుగైంది.

దాన్ని మళ్ళీ బతికించాలని కుబోటా పట్టుబట్టాడు. ఇంతలో యుద్ధం వచ్చిపడింది. ఆ తరువాత సైబీరియాలో ఖైదు. 1948లో గాని ఇల్లు చేరలేదు. మళ్ళీ పని మొదలు పెడితే ఆనాటి పట్టు నేసేవారే లేరు! మరేం చేశాడు? దొరికే ముడతల పట్టు, ఈనాటి రసాయన రంగులు తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ళు తంటాలుపడి తన పద్ధతి తాను కనిపెట్టాడు. పాతదే తెచ్చానని బుకాయించలేదు. తన పేరు చేర్చి 'ఇచ్చికు త్సుజిగహానా' అన్నాడు. 1977లో మొదటి ప్రదర్శన పెట్టేసరికి ఆయనకు అరవై ఏళ్ళు!

ఆయన బట్ట కిమోనో. ఆ మాటకు 'తొడుక్కునేది' అనే అర్థం. వంపుకోతలు లేకుండా నిలువు ముక్కలతో కుడతారు గనుక, చేతులు చాపి తగిలిస్తే పెద్ద చిత్రపటమే. 'కాంతి సింఫనీ' పేరుతో ఒకదాన్నుంచి ఒకదానికి కొండలు, ఋతువులు సాగిపోయేలా 80 కిమోనోలు తలపెట్టాడు. సైబీరియాలో ఖైదీగా చూసిన సూర్యాస్తమయం కూడా ఆయన రంగుల్లోకి వచ్చింది. 2003లో కన్నుమూసేనాటికి ఆ వరుస పూర్తికాలేదు. కవాగుచి సరస్సు దగ్గర 1994లో తెరిచిన ఆయన మ్యూజియంలో ఆ కిమోనోలు ఉన్నాయి.

పాత విద్యను కాపాడడమంటే నకలు తీయడమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, దానికి మన బతుకూ జోడించాలి. మిత్రులారా, ఈ సెలవుల్లో మా అమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిచి, ఆ చీరలు ఎలా నేశారో ఆవిడనే అడగాలనుకుంటున్నాను. మీరూ అడగండి.