తొట్టిలో తాబేలు

అమలాపురము చుట్టుపట్ల పిల్లలకు తాబేలు క్రొత్త ప్రాణి కాదు. వేసవిలో కాలువలు కట్టివేసి, చెరువులు అడుగంటినపుడు అది బురదలో దాగియుండును. తొలకరి వానతో పైకి వచ్చి చేలగట్లమీదుగా నడచును. అట్టిదానిని బొక్కెనలో వేసి తెచ్చిన బాలుడు, “అమ్మా, దీనిని పెంచుకొందుమా?” అని అడుగును. ఆ తల్లి ఏమి చెప్పవలెనో ఇచట వివరింపగోరుచున్నాము.

మన చెరువుల తాబేటి డిప్పపై మెత్తని తోలు ఉండును. వెనుక కాళ్ళను లోనికి ముడిచి, తోలు రేకులతో మూసికొనును. నత్తలను, చచ్చిన చేపలను తిని మేలొనర్చును. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నది. దీనిని పట్టుట, పెంచుట, అమ్ముట నేరము. రోడ్డుమీద కనబడినచో, పోవుచున్న దిక్కుననే దాటించి విడువవలెను.

అంగడిలో అమ్మునది వేరు. కన్నుల వెనుక ఎఱ్ఱని చార గల ఆ పచ్చని పిల్ల అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతపు జాతి. కొన్ననాడు అరచేతిలో ఇమిడినది ఎదిగినచో జానెడు దాటవచ్చును. ఇరువది, ముప్పది ఏండ్లు బ్రతుకవచ్చును. అది ఇదివరకే ఇంట ఉన్నచో నాలుగు వసతులు కల్పింపవలెను.

మొదటిది నీరు. డిప్ప పొడవు సెంటీమీటరు ఒక్కింటికి సుమారు 15 లీటర్లు కావలెను, గాజుగిన్నె చాలదు. తినుట, మలము విడుచుట ఆ నీటిలోనే కనుక తరచు మార్చవలెను. రెండవది, ఎక్కి ఒడలు ఆరబెట్టుకొనుటకు ఇటుకలతో పేర్చిన పొడిచోటు. మూడవది ఎండ. అద్దము గుండా వచ్చు ఎండ చాలదు. దానిలోని అతినీలలోహిత కిరణములు నేరుగా సోకనిచో సున్నము ఒంటబట్టక డిప్ప మెత్తబడును. అయితే మే నెలలో తొట్టినీరు కాగి ప్రాణము తీయగలదు. సగము నీడ తప్పదు. నాలుగవది ఆహారము. పిల్లకు చిన్నచేపలు, వానపాములు, నత్తలు. ఎదిగినదానికి నీటిమొక్కలు అధికముగా పెట్టవలెను. అన్నపు మెతుకులు, ఎండురొయ్యలు మాత్రమే పెట్టినచో క్షీణించును.

ఆరోగ్యముగ కనబడు తాబేటినుండియు సాల్మొనెల్లా అను క్రిమి మనకు సోకవచ్చును. తాకిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తొట్టిని వంటయింట కడుగరాదు. ఐదేండ్లలోపు పసివారిని దూరముగ ఉంచవలెను. ఈ కారణముననే అమెరికాలో 1975లో నాలుగు అంగుళములకు తక్కువ డిప్ప గల తాబేళ్ళ విక్రయమును నిషేధించిరి.

విసుగు పుట్టినపుడు కాలువలో విడుచుట పుణ్యమని తలచువారు కలరు. అది పొరపాటు. ఆ పరదేశపు తాబేలు మన తాబేటి తిండిని, ఎండకాగు చోటును ఆక్రమించును, రోగములను అంటింపగలదు. కోనసీమలో కాలువలు, చెరువులు, మురుగుకోడులు ఒకదానితో నొకటి కలిసియుండును. ఒకచోట విడిచినది అచటనే నిలువదు. తిరిగి పట్టుట దుర్లభము. పోషింపలేనివారు పశువైద్యుని గాని, అటవీశాఖవారిని గాని సంప్రదించి అప్పగింపవలెను.

కావున తల్లి చెప్పవలసినది ఇదియే: చెరువు తాబేటిని చెరువునకే చేర్చవలెను, అంగడి తాబేటిని కొనకుండుటయే మేలు, కొన్నచో తుదివరకు సాకవలెను.